నా నోటుబుక్కులో దిద్దుకున్న తప్పు

(ఓపెన్ సోర్స్ మీద ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం జరిగిన ఒక రోజు సదస్సులో మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మొదటి ప్రసంగం నాకిచ్చారు. అంటే నిర్వాహకులకు నా మీద నమ్మకమైనా ఉండాలి, కోపమైనా ఉండాలి. వెనక వరసలో ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు కునుకు తీస్తే నేనేమీ అనుకోను. గురక మాత్రం వద్దు, రికార్డవుతోంది.

పొద్దున్నుంచి పెద్ద పెద్ద విషయాలు విన్నారు. కెర్నల్ అన్నారు, కంటైనర్లు అన్నారు. నేను చెప్పబోయేది చాలా చిన్నది. డాక్యుమెంటేషన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే రాతల్లో, ఒక మాట తప్పుంది, దాన్ని దిద్దడం. అంతే. ఒక్క మాట దిద్దడం గురించి ఈయన అంతసేపు ఏం మాట్లాడతాడా అని మీకనిపిస్తుంది. స్లైడ్లు చేసుకుంటుంటే నాకూ అలాగే అనిపించింది. అందుకే స్లైడ్లు మానేశాను.

పాత తెలుగు పుస్తకాలు చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? ఇంట్లో పెద్దవాళ్ల బీరువాలో ఉండేవి. పర్లేదు, ఓ పది చేతులు లేచాయి. వాటిలో చివర ఒక పేజీ ఉండేది, తప్పొప్పుల పట్టిక అని. పుట ఇంత, పంక్తి ఇంత, తప్పు ఇది, ఒప్పు ఇది. అచ్చుతప్పులకు మనవాళ్లు ముద్రారాక్షసాలని పేరు కూడా పెట్టుకున్నారు. మా తాతగారు పుస్తకం కొన్న రోజునే పెన్సిల్ చెక్కుకుని, ఆ పట్టిక ముందు పెట్టుకుని, పుట తర్వాత పుట తిప్పి దిద్దుకునేవారు. ఆ తర్వాతే చదవడం. ఎంత పద్ధతైన మనిషో కదా? కానీ ఆయన దిద్దింది ఆయన ప్రతిలో. అదే పుస్తకం కొన్న పక్కవీధి మాస్టారి ప్రతిలో ఆ రాక్షసుడు అలాగే కూర్చుని ఉన్నాడు.

నేనూ అదే పని చేశాను. కంప్యూటర్ల కాలంలో చేశాను. అది చెబుతాను ముందు.

నా మొదటి ఉద్యోగం హైదరాబాదులో, చిన్న కంపెనీలో. దాని పేరొద్దు, నేను వాడిన టూల్ పేరూ వద్దు, ఇప్పుడది మంచి టూల్. డేటాబేస్ బ్యాకప్‌లు చూసే పని నాకిచ్చారు. నేను సమర్థుడినని కాదు, ఇంకెవరూ తీసుకోలేదని. ఆ టూల్‌లో కీప్ అని ఒక ఆప్షన్ ఉంది. పక్కన ఒక సంఖ్య ఇవ్వాలి. డాక్యుమెంటేషన్‌లో ఏముందంటే, ఎన్ని రోజుల బ్యాకప్‌లు ఉంచాలో ఆ సంఖ్య చెబుతుంది అని. రోజులు. స్పష్టంగా రాసుంది. నేను 7 ఇచ్చాను. వారం రోజులు. గంటకొక బ్యాకప్ తీసేలా పెట్టి, హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం ఎవరో పొరపాటున ఒక టేబుల్ మొత్తం ఖాళీ చేశారు. సంగతి తెలిసింది సోమవారం పొద్దున పదింటికి. మా మేనేజర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. నేను చాలా నింపాదిగా, టెన్షన్ పడకండి సార్, వారం రోజులవి ఉన్నాయి అన్నాను. అన్నానా, ఫోల్డర్ తెరిచానా. ఏడు ఫైళ్లున్నాయి. అన్నిటికంటే పాతది ఆ రోజు తెల్లవారుజామున 4 గంటలది.

అర్థమైందా? ఏడు రోజులు కాదు, ఏడు కాపీలు. గంటకొకటి చొప్పున ఏడు గంటలు. ఎనిమిదోది రాగానే మొదటిది పోతుంది.

ఆ టేబుల్‌ని మెయిళ్లలో పడి ఉన్న ఇన్‌వాయిస్‌లు చూసి మూడు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాం. నాకు బుద్ధొచ్చింది. బుద్ధొచ్చి ఏం చేశాను? నోటుబుక్ తీసి ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: కీప్ అంటే రోజులు కాదు, కాపీలు. కింద మూడు గీతలు కొట్టాను. మా తాతగారి మనవణ్ని కదా.

రెండేళ్ల తర్వాత మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఇంకో సర్వర్ మీద అదే టూల్ పెట్టాడు. అదే గోతిలో పడ్డాడు. నా దగ్గరికొచ్చి, అన్నా, డాక్యుమెంటేషన్‌లో రోజులనే ఉందన్నా, నేను సరిగ్గానే ఇచ్చానన్నా అంటున్నాడు. నేను డ్రాయర్‌లోంచి నోటుబుక్ తీసి ఎర్ర ఇంకు చూపించాను. చూపిస్తుండగానే సిగ్గేసింది. వాడి మొహం చూడాలి మీరు. ఏమీ అనలేదు పాపం. నీకు రెండేళ్లుగా తెలుసా అని వాడు అడగకుండా ఉన్నాడే, అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ సాయంత్రం మొదటిసారి ఆ టూల్ సోర్స్ తెరిచాను. ఈ వాక్యం ఎవడు రాశాడురా, పట్టుకుందాం అని, కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లో చరిత్ర తవ్వాను. గిట్ బ్లేమ్ అని కమాండుంది, ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపిస్తుంది. పేరులోనే నింద ఉంది, నిందించడానికే వెళ్లాను. తవ్వితే తేలిందేమిటంటే, ఆ వాక్యం రాసిన రోజున అది తప్పు కాదు. మొదట్లో ఆ టూల్ రోజుకొక్కసారే నడిచేది. రోజుకొక కాపీ. అప్పుడు ఏడు కాపీలన్నా ఏడు రోజులన్నా ఒకటే కదా? తర్వాత ఇంకెవరో వచ్చి గంటకోసారి నడిపే వీలు పెట్టారు. కోడ్ మార్చారు, టెస్టులు రాశారు, అంతా బాగుంది. వేరే ఫైలులో ఉన్న ఆ వాక్యం సంగతి వాళ్లకు తెలియనే తెలియదు.

ఇది గుర్తుపెట్టుకోండి, మీకు చాలాసార్లు ఎదురవుతుంది. డాక్యుమెంటేషన్‌లో మనిషిని ముంచే తప్పులు చాలావరకు రాసినప్పటి తప్పులు కావు. ఇల్లు మారింది, గేటు మీద బోర్డు మారలేదు. స్పెల్లింగ్ తప్పు ఎవరికైనా కనబడుతుంది, నవ్వుకుని ముందుకెళతాం. ఇది కనబడదు. వాక్యం శుభ్రంగా ఉంటుంది, వ్యాకరణం శుభ్రంగా ఉంటుంది, అబద్ధం చెబుతుంది.

సరే, ఒక మాట మార్చి పంపాను. రోజులు తీసేసి కాపీలు. దాన్ని చూసుకునే మెయింటెయినర్ ఎక్కడో వేరే దేశంలో ఉన్నాయన. ఏమన్నాడు? చాలా థాంక్స్ అన్నాడా? లేదు. ఒక ప్రశ్న వేశాడు. డాక్యుమెంటేషన్ తప్పని నీకెలా తెలుసు, కోడే తప్పేమో? అని.

నాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, నిజమే కదా. రోజులని చెప్పి కాపీలు లెక్కపెడుతున్నారంటే, రెండిట్లో ఏదో ఒకటి మారాలి. ఏది మారాలో నేను నిర్ణయించేశాను, ఆయన్ని అడగకుండా. కోడ్ మారిస్తే ఇప్పటికే కాపీలనుకుని 7 ఇచ్చుకున్నవాళ్ల డిస్క్ రాత్రికి రాత్రి నిండిపోతుంది. మార్చకపోతే నాలాంటివాళ్లు మునుగుతారు. ఆయన ఆలోచించుకుని చివరికి వాక్యాన్నే మార్చాడు. 19 రోజులు పట్టింది. ఆ 19 రోజుల్లో నేను ఎన్నిసార్లు మెయిల్ చూసుకున్నానో చెప్పను.

అందుకని మీరు పంపేటప్పుడు ఇది తప్పు అని ఊరుకోకండి. పేజీలో ఇలా ఉంది, నేను ఫలానా వెర్షన్‌లో నడిపి చూస్తే ఇలా జరిగింది, కోడ్‌లో ఫలానా ఫంక్షన్ ఇలా చేస్తోంది. మూడు వాక్యాలు చాలు. అవతలి మనిషి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, మీది తెరుస్తాడు. వాళ్లలో చాలామందికి ఇది జీతం లేని పని. మీరు దిద్దిన ఒక్క మాట సరైనదో కాదో తేల్చుకోవడానికి ఆయనకు గంట పట్టిందనుకోండి, మీరు సాయం చేసినట్టా, పని పెట్టినట్టా?

ఇప్పుడు మీలో ఒకరిద్దరి మనసులో మాట నాకు తెలుసు. మేం సెకండియర్ సార్, మాకేం తెలుసని తప్పులు పట్టడానికి? అమ్మా, నీకు తెలియదు కాబట్టే. ఇన్‌స్టాల్ చేసే పేజీలో మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య ఒక కమాండ్ లేదు. పదేళ్లుగా వాడుతున్నవాడికి అది కనబడదు. వాడి వేళ్లకు అలవాటైపోయి ఉంటుంది, చదవకుండానే కొట్టేస్తాడు. నువ్వు రాసింది రాసినట్టు చేస్తావు కాబట్టి నువ్వే తట్టుకుని పడతావు. పడి, రెండు గంటలు కొట్టుకుని, ఎలాగో దాటేస్తావు. దాటిన మర్నాడు నీకూ కనబడదు! అప్పటికి నీకు తెలిసిపోయింది కదా. మా తాతగారు దిద్దిన పుస్తకం మా తాతగారికి ఎప్పుడూ సరిగ్గానే కనబడింది. అందుకని పడిన రోజునే పంపాలి. సెమిస్టర్ అయ్యాక చూద్దామంటే అయిపోయినట్టే.

ఒక చిన్న గీత గురించి చెబుతాను. అక్షరం కూడా కాదు, గీత. మీ ల్యాబ్ మాన్యువల్లో నుంచి కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే పనిచేయకపోవడం ఎవరికైనా అనుభవమేనా? అందరికీనా! ఎందుకో చూశారా ఎప్పుడైనా? ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో చూడటానికి ఎల్‌ఎస్, స్పేస్, గీత, ఎల్ అని కొడతాం. వర్డ్‌లో టైపు చేసినప్పుడు ఆ గీతని అది అందంగా ఉండాలని పొడుగు గీతగా మార్చేస్తుంది. మన కంటికి రెండూ గీతలే. ఎల్‌ఎస్‌కి మాత్రం అది ఆప్షన్ కాదు, అదేదో ఫైలు పేరనుకుంటుంది. అలాంటి ఫైలేదీ లేదు అంటుంది. మనమేమో ఫైలుందిగా అని జుట్టు పీక్కుంటాం.

ఇది వర్డ్ గోల అనుకోకండి. లైనక్స్‌లో మ్యాన్ పేజీలు తెలుసు కదా, మ్యాన్ అని కొట్టి కమాండ్ పేరు కొడితే వచ్చేవి. వాటిని రోఫ్ అనే పాత కాలపు పద్ధతిలో రాస్తారు. అందులో ఉత్త గీత కొడితే అది మాటకీ మాటకీ మధ్య పెట్టే హైఫన్. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి గీత కొడితేనే కమాండ్‌లో వాడే మైనస్. చాలామంది బ్యాక్‌స్లాష్ మరిచిపోయేవారు. మరిచినా చాలాచోట్ల తెరమీద ఒకేలా వచ్చేది కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఆ పేజీలను తెరమీదికి తెచ్చే ప్రోగ్రాం గ్రోఫ్. 2023లో దాని 1.23 వెర్షన్ వచ్చింది. అది, హైఫనంటే హైఫనే, మైనసంటే మైనసే అని నియమం గట్టిగా పట్టుకుంది. దాంతో ఏళ్ల తరబడి దాక్కున్న తప్పులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. పేజీలోంచి ఆప్షన్ కాపీ చేస్తే పనిచేయదు. పేజీలో వెతికితే దొరకదు, మీరు కొట్టే గీత వేరు, అందులో ఉన్న గీత వేరు. లైనక్స్‌ని తమ పద్ధతిలో కూర్చి పంచే డెబియన్‌వాళ్లయితే రెండూ పాతలాగే ఒకేలా చూపించేట్టు తమ దగ్గర సర్దుబాటు చేసుకున్నారు. మీకు ఓపికుంటే, మీరు రోజూ వాడే ఏదైనా చిన్న టూల్ మ్యాన్ పేజీ సోర్స్ తెరిచి చూడండి. బ్యాక్‌స్లాష్ లేని గీతలు ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్కో బ్యాక్‌స్లాష్ పెట్టడమే పని.

అలాగని కనబడిన ప్రతిదాన్నీ దిద్దేయకూడదు. ఇక్కడ ఒక సరదా సంగతి. మీరు ఒక లింకు నొక్కి ఇంకో సైటుకు వెళితే, ఎక్కడినుంచి వచ్చారో మీ బ్రౌజర్ ఆ సర్వర్‌కి చెబుతుంది. రిఫరర్ అని ఒక హెడర్‌లో. ఇంగ్లీషులో ఆ మాట మధ్యలో రెండు ఆర్‌లు పక్కపక్కన రావాలి. బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ నియమాల్లో ఒకటే ఉంది. అచ్చుతప్పు! 1996లో ఆ నియమాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ నంబరు 1945, వచ్చేనాటికే సర్వర్లూ బ్రౌజర్లూ ఆ తప్పుతోనే మాట్లాడుకుంటున్నాయి, ఇక మార్చే దారి లేదు. ఈ రోజుకీ లోకమంతా ఆ ఒంటి ఆర్‌తోనే నడుస్తోంది. తమాషా ఏంటంటే తర్వాత వచ్చిన రిఫరర్ పాలసీ అనే హెడర్‌లో రెండు ఆర్‌లూ సరిగ్గా ఉన్నాయి. ఒకే బ్రౌజర్, పక్కపక్కనే రెండు స్పెల్లింగులు. మీరు ఉత్సాహంగా డాక్యుమెంటేషన్‌లో మొదటిదాన్ని కూడా దిద్దేశారనుకోండి, స్పెల్లింగ్ ఒప్పవుతుంది, ఆ పేజీ చూసి కోడ్ రాసినవాడికి హెడర్ దొరకదు. పేరు తప్పుగా ఉన్నా అది పేరే. మన ఊళ్లో రేషన్ కార్డులో పేరు తప్పు పడినవాళ్లనడగండి, ఇంట్లో పిలిచే పేరు ఏదైనా కావచ్చు, కౌంటర్ దగ్గర మాత్రం కార్డులో ఉన్నట్టే చెప్పాలి.

ఇంకొకటి, ఇది మన భాషకు సంబంధించింది. తెలుగులో డెస్క్‌టాప్ వాడేవాళ్లున్నారా ఇక్కడ? ఇద్దరు. సంతోషం, ఇద్దరున్నారు. గ్నోమ్ లాంటి లైనక్స్ డెస్క్‌టాప్‌లలో మెనూలన్నీ తెలుగులో కనిపించేది గెట్‌టెక్స్ట్ అనే పద్ధతి వల్ల. అందులో ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. ఆ వాక్యానికి తెలుగు ఇది అని జత. ఇప్పుడు ఎవరో అమెరికాలోనో బెంగళూరులోనో కూర్చుని, ఇంగ్లీషు వాక్యంలో ఒక కామా తప్పుందని దిద్దారు. మంచి పనే. కానీ తాళంచెవి మారిపోయింది కదా. జత తెగిపోతుంది. తెలుగు అనువాదం పక్కన ఫజీ అని ముద్ర పడుతుంది, అంటే నమ్మకం లేదు, మనిషి వచ్చి చూడాలి అని. ఆ మనిషి వచ్చి చూసేదాకా తెలుగు తెర మీద ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో కనిపిస్తుంది. తెలుగే కాదు, అనువాదమున్న ప్రతి భాషలోనూ. ఒక కామాకి అంతమంది అనువాదకుల పని! అందుకే విడుదలకు ముందు కొన్ని వారాలు వాక్యాలు ముట్టుకోవద్దని గ్నోమ్‌లో ఆంక్ష పెడతారు. నేను కామాలు దిద్దొద్దనడం లేదు. ప్రోగ్రాం లోపలి వాక్యమైతే ఎప్పుడు దిద్దుతున్నామో చూసుకోమంటున్నాను.

ఎలా పంపాలి అనేది మీకు యూట్యూబ్‌లో దొరుకుతుంది, నేను గబగబా చెప్పేస్తాను. గిట్‌హబ్‌లో ఉన్నదైతే పెన్సిల్ బొమ్మ నొక్కితే చాలు, ఫోర్కు, అంటే మీకో సొంత నకలు, అదే చేసుకుంటుంది. వెబ్ పాఠాలుండే ఎండీఎన్ సైటులో పేజీ అడుగునే సోర్స్‌కి లింకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో ప్రతి పేజీ కింద, తప్పుంటే చెప్పమని ఫారం ఉంటుంది, గిట్ రాకపోయినా ఫరవాలేదు. లైనక్స్ కెర్నల్ అయితే మెయిల్‌లో ప్యాచ్, అంటే మీ మార్పుల ముక్క, పంపాలి, కింద సైన్డ్ ఆఫ్ బై అని మీ పేరుండాలి. ఒక్క అక్షరానికైనా సరే ఉండాలి. కెర్నల్‌వాళ్లు ఇంకో మాటంటారు, కమిట్ సందేశం, అంటే మార్పుతో పాటు రాసే వివరణ, కోడ్‌కి ఆజ్ఞ ఇస్తున్నట్టు రాయమంటారు. దిద్దాను కాదు, దిద్దు. మొదట్లో నాకు నోరు తిరగలేదు, పెద్దవాళ్ల ప్రాజెక్టుకి వెళ్లి దిద్దు అనడమేమిటని.

నెమ్మదిగా చెప్పాల్సింది ఒకటుంది. మీరు మార్చింది ఒక్క మాట. పాతదీ కొత్తదీ పోల్చి చూపే డిఫ్‌లో మాత్రం పన్నెండు లైన్లు ఎర్రగా పచ్చగా కనిపిస్తున్నాయి. ఎందుకు? మాట పొడుగైంది, లైను పక్కకు పోయింది, మీరు పేరా అంతా అందంగా సర్దారు. చూసేవాడు ఆ పన్నెండు లైన్లలో ఏం మారిందో వెతుక్కోవాలి. సర్దకండి. వంకరగా ఉంటే ఉండనివ్వండి. బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిగాన్ 1974లోనే చెప్పాడు, ప్రతి వాక్యం కొత్త లైనులో మొదలుపెట్టండి, తర్వాత దిద్దుకోవడం తేలికవుతుంది అని. అప్పటికి గిట్ లేదు, గిట్‌హబ్ లేదు. లైనక్స్ మ్యాన్ పేజీలవాళ్లు ఈ రోజుకీ ఆ పద్ధతే పాటించమంటారు. అలాగే మీ ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు లైను చివరి ఖాళీలు తీసేస్తుందేమో చూసుకోండి. డాక్యుమెంటేషన్ రాయడానికి ఎక్కువగా వాడే మార్క్‌డౌన్ పద్ధతిలో లైను చివర రెండు ఖాళీలుంటే అక్కడ లైను విరగాలని అర్థం. కంటికి కనబడని ఆ రెండు స్పేస్‌లు మీరు తీసేస్తే, ఎవరో రాసుకున్న అడ్రసు మొత్తం ఒకే లైనులోకి వచ్చి పడుతుంది.

టీషర్టు సంగతి ఎత్తకపోతే మీరు ఊరుకోరు. అక్టోబర్‌లో ఇన్ని పుల్ రిక్వెస్టులు, అంటే నా మార్పు తీసుకోండన్న విన్నపాలు, పంపితే టీషర్టిస్తామని డిజిటల్‌ఓషన్‌వాళ్లు 2014 నుంచి హాక్టోబర్‌ఫెస్ట్ నడిపారు. మంచి ఉద్దేశమే. 2020లో ఏమైంది? ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో అద్భుతమైన ప్రాజెక్ట్ అని ఒక ముక్క చేర్చి పంపినవాళ్లు కుప్పలు తెప్పలు. మెయింటెయినర్లు మొత్తుకుంటే అక్టోబర్ మొదటి వారంలోనే నియమం మార్చి, మాకు ఒప్పుదల అన్న ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయన్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రీడ్‌మీలో పిల్లలు తమ పేర్లు రాసి పంపారు, వరసపెట్టి. ఒక వీడియో పాఠంలో ఉదాహరణగా చూపించిందాన్ని నిజంగానే చేసేశారు. ఎవరు ఆ పిల్లలు? మనవాళ్లే, ఈ దేశం పిల్లలే ఎక్కువ. నవ్వకండి. మీ సీనియర్లే ఉండొచ్చు. ఇప్పుడు కొత్తగా ఇంకో రకం వచ్చింది, ఫైలు మొత్తం ఏఐకిచ్చి ఇంగ్లీషు బాగుచేయమని, మూడు వందల లైన్లు మార్చి పంపడం. అందులో ఒక లైనైనా నువ్వు నడిపి చూశావా అని అడిగితే జవాబుండదు.

ప్రతిఫలమే కావాలంటే డొనాల్డ్ క్నూత్ గారున్నారు. పుస్తకాల పేజీలు కూర్చే టెక్ అనే ప్రోగ్రాం చేసినాయన. ఆయన పుస్తకాల్లో తప్పు పట్టిన మొదటి మనిషికి 2.56 డాలర్ల చెక్కిచ్చేవారు, 2008 నుంచి దాని బదులు సర్టిఫికెట్ ఇస్తున్నారు. 256 సెంట్లు, కంప్యూటర్లవాళ్లు వాడే పదహార్ల లెక్కలో (హెక్సాడెసిమల్) రాస్తే 100. చెక్కులిచ్చే రోజుల్లో చాలామంది దాన్ని బ్యాంకులో వేసేవారు కాదు, ఫ్రేము కట్టించుకునేవారు. ఆయన దగ్గర ఒక తప్పు పట్టుకురండి, టీషర్టు నేను కొనిపెడతాను.

మైక్ అటు ఇచ్చేముందు ఒకటి చెప్పి ఆపుతాను. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు.

ఈ ప్రసంగం కోసం మొన్న ఆ బ్యాకప్ టూల్ డాక్యుమెంటేషన్ మళ్లీ తెరిచాను. కీప్ దగ్గరకెళ్లాను. నేను పెట్టిన కాపీలు అనే మాట లేదు. కంగారుపడి చరిత్ర చూశాను. ఆ ఆప్షన్‌కి ఇప్పుడు సంఖ్య పక్కన యూనిట్ కూడా ఇవ్వచ్చట. రోజులంటే రోజులు, కాపీలంటే కాపీలు, ఏమీ ఇవ్వకపోతే కాపీలు. ఎవరో ఆ లైను మొత్తం తిరగరాశారు, కోడ్ మార్చిన కమిట్‌లోనే, అదే రోజు. గిట్ బ్లేమ్ కొడితే నా పేరు రావట్లేదు, ఆ మనిషి పేరొస్తోంది. మా కుర్రాడికి స్క్రీన్‌షాట్ పంపాను. ఇప్పుడు వాడు వేరే కంపెనీలో టీం లీడ్. అన్నా, ఆ నోటుబుక్ ఇంకా ఉందా అని అడిగాడు.

ఉంది. ప్రశ్నలడగండి.